సార్ గిటార్ పెట్టె తెరిచిన ఏడాది

ఆ ఎల్పీ రికార్డుకి బ్రౌన్ పేపర్ అట్ట వేసి ఉండేది. బడి పుస్తకాలకి వేసుకుంటామే, అచ్చం అలాగే, మూలలు మడిచి లోపలికి దోపి. పైన ఒక్క అక్షరం రాసి లేదు. మొదటిసారి చూసినప్పుడు చర్చి పాటల రికార్డేమో అనుకున్నాను. అది ‘అబ్రాక్సస్’ అని, 1970లో వచ్చిన శాంటానా బ్యాండ్ రెండో ఆల్బమ్ అని మా గిటార్ సార్ చెప్పారు. అసలు కవర్ మీద బట్టల్లేని బొమ్మ ఉందట. పెళ్ళయి వచ్చిన వారానికే ఆంటీ ఈ కాగితం చుట్టేశారు. "పాటలు మంచిగనే ఉన్నయి, బొమ్మనే ఇంట్ల పెట్టుకునేటట్టు లేదు" అన్నారట. సార్ ఆ అట్ట ఎప్పుడూ విప్పలేదు. చిరిగితే కొత్తది వేసేవారు.

సార్ దగ్గర నేను చేరింది 1998లో. అప్పుడు మేం సీతాఫల్‌మండిలో అద్దెకుండేవాళ్ళం. నా డిగ్రీ అయిపోయింది. కుర్రాళ్ళంతా అమీర్‌పేట దారి పట్టిన రోజులవి. సైబర్ టవర్స్ ఆ ఏడాది నవంబర్‌లోనే ప్రారంభమైంది. 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న ‘వైటూకే’ భయం పుణ్యమా అని, కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నవాడికల్లా అమెరికా వీసా వస్తుందని ఇంటింటా చెప్పుకునేవారు. నేనూ పొద్దున్నే కోబాల్ క్లాసుకి వెళ్ళేవాణ్ణి. వారంలో మూడు సాయంత్రాలు మాత్రం గివ్‌సన్ గిటార్ భుజాన వేసుకుని, మెట్టుగూడ మీదుగా లాలాగూడకి నడిచేవాణ్ణి. రోజు మొత్తంలో నాకు ప్రాణం లేచొచ్చేది ఆ ఒక్క గంటలోనే.

సార్ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. సైరన్ మోగాక సైకిల్ మీద ఇంటికొచ్చి, పెరట్లో చేతులకి ముందు కిరోసిన్ రాసుకుని, తర్వాత బట్టల సబ్బుతో కడుక్కుని, ఆరాక గానీ గిటార్ ముట్టుకునేవారు కాదు. ఎంత కడిగినా గోళ్ళ అంచున గ్రీజు నల్లగా మిగిలేది. ఎడమచేతి వేలికొసలు మాత్రం వేరే మనిషివేమో అన్నట్టుండేవి. చర్మం గట్టిపడి, తీగ పడి పడి ఒక్కో కొస మీద సన్నటి గాడి. "ఇది వర్క్‌షాప్ ఇచ్చింది కాదురా, ఇది నేను సంపాదించుకున్నది" అని ఒకసారి చూపించారు.

నేర్పేవి మామూలు పాఠాలే. సి, జి, ఎ మైనర్ కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు), తర్వాత చర్చి పాటలు, ఇళయరాజా పాటల్లో వచ్చే గిటార్ బిట్లు, పిల్లలు ఏవి అడిగితే అవి. కార్డులు పట్టి చూపించడమే గానీ తను మాత్రం సోలో వాయించేవారు కాదు. "సార్, మీరొక్కటి వాయించండి" అని అడిగితే, "నా టైమ్ అయిపోయిందిరా. మీరు వాయించుండ్రి, నేను ఇంట" అనేవారు. మంచం కింద పాత దుప్పటి చుట్టిన పెట్టె ఒకటి ఉండేది. అందులో ఎలక్ట్రిక్ గిటార్ ఉందని అందరికీ తెలుసు. దాన్ని తెరవమని అడగడానికి నాకు ఏడాది దాకా నోరు రాలేదు.

ఆ పెట్టె కథ ఆంటీయే చెప్పారు. 70ల్లో సార్ వాళ్ళు నలుగురు కలిసి బ్యాండ్ కట్టారు. క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు, కంటోన్మెంట్ వైపు పెళ్ళి రిసెప్షన్లు, శనివారాలు ఒక హోటల్. సార్‌ది ఎప్పుడూ పక్క గిటారే. ముందు నిలబడి పాడేది ఒకరు, లీడ్ వాయించేది ఇంకొకరు. లీడ్ వాయించే ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాక (లాలాగూడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా అలాగే ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి) సార్‌కి ఆ చోటు దక్కింది. దక్కిన కొన్నాళ్ళకే రిథమ్ మెషిన్‌తో కీబోర్డులు వచ్చాయి. నలుగురికిచ్చే డబ్బులో ఒకడికిస్తే పని అయిపోతుందని హోటల్ వాళ్ళు లెక్క వేసుకున్నారు. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చేసరికి ఆ మిగిలిన కాస్త శనివారం సందడీ పోయింది. ఆఖరి నెల డబ్బులు ఇవ్వనేలేదు. సార్ మూడుసార్లు తిరిగారు. నాలుగోసారి వెళ్ళకుండా గిటార్‌ని దుప్పట్లో చుట్టేశారు. ఆంటీ ఇది చెబుతున్నప్పుడు సార్ అక్కడే ఉండి, వినపడనట్టు తీగలు సవరించుకుంటూ కూర్చున్నారు.

ఆ బ్యాండ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో దేవుడట. సార్ దేవుడు కార్లోస్ శాంటానా. ఓడ మీద పనిచేసే బంధువు బొంబాయి నుంచి తెచ్చిచ్చిన ఆ రికార్డే మొదలు. సార్ చెబుతుంటే శాంటానా మెట్టుగూడ పక్క గల్లీ మనిషేమో అనిపించేది. 1947లో మెక్సికోలో అవుట్లాన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి మరియాచి (మెక్సికో జానపద మేళం) ఫిడేలు విద్వాంసుడు. కొడుక్కీ ముందు ఫిడేలే నేర్పాడు. సరిహద్దు ఊరు తిహువానాకి వచ్చాక పిల్లాడు గిటార్‌కి మళ్ళాడు. అక్కణ్ణుంచి శాన్ ఫ్రాన్సిస్కో. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం స్టేజి ఎక్కేనాటికి 22 ఏళ్ళు, మొదటి ఆల్బమ్ ఇంకా బజార్లోకి కూడా రాలేదు. దిగేసరికి అందరి నోటా ఆ పేరే. రాక్ గిటార్ పక్కన కోంగాలు, టింబాలేలు అనే లాటిన్ డ్రమ్ములు పెట్టి వాయించడం అప్పటి జనానికి కొత్త. "మన డప్పుల నడుమల గిటార్ పెడితే ఎట్లుంటది? గట్ల" అనేవారు సార్. 1971లో మూడో ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ తర్వాత శ్రీ చిన్మయ్ అనే బెంగాలీ గురువు దగ్గర శిష్యుడిగా చేరి, దేవదీప్ అన్న పేరు తీసుకుని, జాజ్ వైపు నడిచి కొన్నాళ్ళు. 80లు గడిచి 90లు వచ్చేసరికి రికార్డులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సార్‌కి తెలిసిన కథ అక్కడితో ఆగింది. "నాకన్న మూడేండ్లే పెద్ద. ఆయన టైమ్ కూడా అయిపోయింది" అని ఆ రికార్డుని మళ్ళీ బీరువా మీద పెట్టేసేవారు.

1999 సెప్టెంబర్. ఒకపక్క వినాయక చవితి పందిళ్ళు, ఇంకోపక్క ఎలక్షన్ల మైకులు. కిటికీలన్నీ మూసి ఎంటీవీ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక వీధి. మండే ఎండ, చెమటలు కక్కుతూ జనం, వాళ్ళ మధ్యలో గిటార్ పట్టుకుని ఒక పెద్దాయన. పాడేది ఎవరో కుర్రాడు. ఆ కుర్రాడు నోరు తెరవకముందే గిటార్ పలికింది. పట్టుమని పది స్వరాలు కూడా కాలేదు, నేను లేచి నిలబడ్డాను. అది సార్ ఇంట్లో బ్రౌన్ పేపర్ అట్టలోంచి వచ్చే గొంతు. డ్రమ్ములు వేరు, రికార్డింగ్ వేరు, మధ్యలో 29 ఏళ్ళు. గొంతు మాత్రం అదే.

పాట పేరు ‘స్మూత్’. పాడినది మ్యాచ్‌బాక్స్ ట్వంటీ బ్యాండ్ గాయకుడు రాబ్ థామస్.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి అమ్మ. ఇంగ్లీషు పాటలంటే ఎప్పుడూ తలుపు వేసేసుకునేది. ఆ రోజు గుమ్మంలో నిలబడి చివరిదాకా విని, "కీరవాణి రాగం కదరా ఇది?" అంది. ఆ పాటలో తిరిగేవి ప్రధానంగా మూడు కార్డులు, ఎ మైనర్, ఎఫ్, ఇ సెవెన్. ఆ ఇ సెవెన్ వచ్చిన చోటల్లా కాకలి నిషాదం (పై ‘ని’) తగులుతుంది, అది తగలగానే చెవి కీరవాణి వైపు వెళ్ళిపోతుంది. పాశ్చాత్య సంగీతంలో దీన్ని హార్మోనిక్ మైనర్ అంటారు. నేను కార్డులుగా తప్ప వినలేకపోయిన దాన్ని అమ్మ ఒక్కసారికే రాగంగా విన్నది. ఆ తర్వాత అమ్మ అన్నది నాకు ఇంకా ముఖ్యం: "ఆ అబ్బాయి ఊపిరి తీసుకున్న చోటల్లా ఆయన ఎలా అందుకుంటున్నాడో చూడు. మంచి పక్కవాద్యం అంటే అదే. మాట పూర్తయ్యేదాకా ఆగి, దాని కొస పట్టుకుంటారు."

రెండు తెలుగు సినిమా క్యాసెట్లకయ్యే డబ్బు పెట్టి, ఆ పాట ఉన్న శాంటానా కొత్త ఆల్బమ్ సికింద్రాబాద్‌లో ‘సూపర్‌నాచురల్’ క్యాసెట్ కొన్నాను. ఆ సాయంత్రం సార్ చేతులు ఆరబెట్టుకునేలోపే టేప్‌రికార్డర్‌లో పెట్టేశాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుని, స్టాప్ నొక్కారు. ముఖం మాడిపోయింది. "పాట గా పిలగానిది. ఈయనను తీస్కపోయి పక్కన నిలబెట్టిండ్రు" అన్నారు. ఏళ్ళ తరబడి పక్క గిటార్ వాయించిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు అప్పుడు అర్థమైంది. ఏం చెప్పాలో తోచక అమ్మ అన్న మాటే అప్పజెప్పాను, మాట పూర్తయ్యేదాకా ఆగి కొస పట్టుకోవడం గురించి.

సార్ కాసేపు నన్నే చూసి, టేపు వెనక్కి తిప్పారు. మళ్ళీ విన్నారు. మళ్ళీ తిప్పారు. మూడోసారి నుంచి కుర్రాడి గొంతు ఆగిన ప్రతిచోటా చూపుడువేలితో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. "గిదిగో. గిదిగో మళ్ళ." సోలో వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నారు. ఎడమచెయ్యి మోకాలి మీద తీగని పైకి నెడుతోంది, ఉంగరపు వేలు, దాని వెనక దన్నుగా ఇంకో రెండు వేళ్ళు. "అదే పట్టు. ఏం మార్చలే మనిషి. సుట్టు లోకమంత మారింది, ఈయన చెయ్యి అట్లనే ఉన్నది."

ఆ పాట వెనక కథ నేను చాలా ఏళ్ళకి తెలుసుకున్నాను. 90ల్లో ఒక దశలో శాంటానాకి రికార్డు కంపెనీయే లేదు. 1992 తర్వాత బ్యాండ్ పేరుతో కొత్త స్టూడియో ఆల్బమ్ రాలేదు. అప్పుడు చేరదీసింది క్లైవ్ డేవిస్. 60ల చివర కొలంబియా కంపెనీలో ఉండగా ఈ బ్యాండ్‌ని తీసుకున్నదీ ఆయనే. ముప్పై ఏళ్ళ తర్వాత తన అరిస్టా కంపెనీలో మళ్ళీ తీసుకుని, సగం ఆల్బమ్ నీ ఇష్టం, సగం ఈ కాలం గాయకులతో చెయ్యి అన్నారు. ఇటాల్ షుర్ అనే ఆయన ఒక ట్యూన్ కట్టారు. దానికి మాటలు తిరగరాయడానికి రాబ్ థామస్‌ని పిలిచారు. నమూనాకని ఆయన పాడి ఇస్తే, ఆ గొంతే బాగుందని ఉంచేశారు. 1999 జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. అక్టోబర్‌లో ‘స్మూత్’ బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కి 12 వారాలు దిగలేదు. అంతకుముందు శాంటానా సింగిల్స్‌లో ఏదీ నాలుగో స్థానం దాటలేదు. వుడ్‌స్టాక్ నాటి కుర్రాడికి మొదటి నంబర్ వన్ పాట 52 ఏళ్ళ వయసులో వచ్చింది. 2018లో బిల్‌బోర్డ్ అరవై ఏళ్ళ చార్టులన్నీ కలిపి లెక్కేస్తే అది రెండో స్థానంలో నిలిచింది.

ఈ ఆల్బమ్ రేడియో కోసం చేసిన రాజీ అని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. రాజీపడ్డ మనిషి అయితే తన వాయింపుని ఆ కాలానికి తగ్గట్టు దిద్దుకునేవాడు. ఈయన పాట నడిమి చోటు కుర్రాడికి వదిలి, అంచులు తను తీసుకున్నాడు. ఆ అంచుల్లో వినిపించింది మొత్తం పాత శాంటానాయే.

రెండు రోజుల తర్వాత క్లాసుకి వెళ్ళేసరికి పెట్టె మంచం మీద ఉంది, దుప్పటి పక్కన మడతపెట్టి ఉంది. సార్ నాకోసమే ఆగారు. రెండు క్లిప్పులూ ఒకేసారి లేపారు. ఎర్రటి గిటార్, లోపల నాఫ్తలిన్ వాసన. తీగలు తుప్పు పట్టి, తాకితే వేళ్ళకి గోధుమ రంగు అంటుకుంది. పాత తీగలు ఒక్కొక్కటే కత్తిరించి, ఫ్రెట్‌లని వర్క్‌షాప్ ఎమరీ కాగితంతో ఎంత మెల్లగా రుద్దారో, పసిపిల్ల గోళ్ళు తీస్తున్నట్టు. ఆంటీ గుమ్మంలో నిలబడి చూశారు. ఏమీ అనలేదు. కొంగుతో ఒకసారి కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళి, టీ బదులు పాయసం చేసి తెచ్చారు.

యాంప్లిఫయర్ స్విచ్ వేస్తే హమ్ తప్ప ఏమీ లేదు. దాన్ని మా నాన్న చేతక్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీకి తీసుకెళ్ళాను. ఆ గల్లీలో చుట్టూ స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకదాని మీద ఒకటి మోగుతున్న టెస్టింగ్ పాటలు. ఒక ముసలాయన మూత విప్పి చూసి, కెపాసిటర్లు ఉబ్బిపోయాయని వేలితో చూపించి, గంటన్నరలో మార్చిచ్చాడు. "దీన్ని మూలన పడేయకండి, వాడుతూ ఉండండి" అని హిందీలో చెప్పి పంపాడు.

ఇంటికి తెచ్చి పెట్టాక సార్ చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. యాంప్ మూలన పెట్టి, వాల్యూమ్ పెంచి, ఒక స్వరం పట్టుకుని గదిలో అడుగడుగూ జరుగుతున్నారు. రెండడుగులు ఎడమకి, అర అడుగు వెనక్కి. స్వరం ప్రతిచోటా రెండు క్షణాలు మోగి చచ్చిపోతోంది. ఇనప బీరువా పక్కకి వచ్చేసరికి చావలేదు. అలాగే నిలబడింది, పెరిగింది, సన్నాయిలా సాగింది. యాంప్‌లోంచి వచ్చే శబ్దం తిరిగి తీగని తాకి, తీగని ఆగనివ్వకుండా ఊపుతుంది, శాంటానా స్వరాలు అంతసేపు నిలబడడంలో ఇదీ ఒక కిటుకు అని సార్ చెప్పారు. ఆంటీని ముగ్గు డబ్బా అడిగి, పాదాలు రెండూ ఉన్న చోట గచ్చు మీద సున్నా చుట్టారు. ఆ తర్వాత మూడు నెలలు రోజూ సాయంత్రం ఆ సున్నాలో నిలబడే సాధన. ఊడ్చేటప్పుడు చెరిగిపోతే ఆంటీయే మళ్ళీ చుట్టేవారు. నాకు ఆ మూడు కార్డులూ ఇచ్చి, "నువ్వు తిప్పుతనే ఉండు, ఆగకు" అనేవారు. నా వేళ్ళు బొబ్బలెక్కేవి. సార్ పక్కన నేను పక్కవాద్యం.

1999 డిసెంబర్ 31 రాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊరంతా టెన్షన్. లాలాగూడలో చర్చి వాచ్ నైట్ సర్వీస్ అయిపోయి, జనం కేకు ముక్కలతో బయటికొచ్చి ఒకరికొకరు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుంటున్నారు. కరెంటు పోలేదు. సార్ వాళ్ళ గల్లీలో రెండు బల్లలు కలిపి వేశాం. కాలనీ కుర్రాడొకడు డ్రమ్స్, ఇంకొకడు కోంగాలకి బదులు ఢోలక్. పాడేవాళ్ళు ఎవరూ లేరు. కుర్రాడి వరసలు కూడా సార్ గిటార్ మీదే పలికించి, వాటికి జవాబులూ తనే చెప్పారు. అమ్మ శాలువా కప్పుకుని నాన్న స్కూటర్ మీద వచ్చింది. చలికి సార్ వేళ్ళు మొదట బిగుసుకున్నాయి, ఒక చోట స్వరం జారింది కూడా. ఆగలేదు. సోలో దగ్గరికి వచ్చేసరికి నేల మీద సున్నా లేదు, బీరువా లేదు. సార్ కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరుగుతూ, యాంప్ ముందు ఆ చోటు వెతుక్కున్నారు. దొరికింది. ఆ స్వరం గల్లీ చివర రైల్వే గోడ దాకా వెళ్ళి నిలబడింది. కేకు తింటున్న పిల్లలు నమలడం మానేశారు.

ఆ వారం అమెరికాలో నంబర్ వన్ కూడా ఆ పాటే. 90లని సాగనంపి 2000కి తలుపు తీసిన పాట. అది మాకు అప్పుడు తెలియదు.

అయిపోయాక అమ్మ బల్ల దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఆ కీరవాణి ఇంకొక్కసారి" అంది. "అమ్మా, మీరు చెప్పినందుకే ఇది ఇయ్యాల మోగింది" అని సార్ చేతులు జోడించి, మళ్ళీ మొదలుపెట్టారు. మూడుసార్లు వాయించారు ఆ రాత్రి.

ఫిబ్రవరిలో గ్రామీలు, అమెరికా సంగీత అవార్డులు. 24వ తేదీ మనకి పొద్దున లాస్ ఏంజెలెస్‌లో శాంటానాకి ఒకే రాత్రి ఎనిమిది గ్రామీలు. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్, రికార్డ్ ఆఫ్ ది ఇయర్ రెండూ అందులోనే. అంతకుముందు ఒకే రాత్రి ఎనిమిది తీసుకున్నది 1984లో మైకేల్ జాక్సన్ ఒక్కడే. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది, చేతులు పట్టనన్ని గ్రామఫోన్ బొమ్మలు గుండెకి హత్తుకుని నవ్వుతున్న మనిషి. ఆ సాయంత్రం నేను పేపర్ పట్టుకుని పరిగెత్తాను. సార్ అప్పటికే వర్క్‌షాప్ క్యాంటీన్‌లో పేపర్ అడిగి, ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చేశారు. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, బీరువా మీది రికార్డు దించారు. ఆంటీ స్టవ్ మీద మైదా ఉడికించి జిగురు చేసిచ్చారు. ఇద్దరూ కలిసి ఆ ఫోటోని బ్రౌన్ పేపర్ అట్ట మధ్యలో పెట్టి, ముడతలు పడకుండా అరచేతులతో ఒత్తి, దాని మీద బైబిలు బరువుగా పెట్టారు.